స్టెప్నీ లేని కారులో ఊరి ప్రయాణం: రన్‌ఫ్లాట్ టైరు దారిలో గాలి దిగిపోతే ఏం చేయాలి

భోగికి ముందురోజు. తెల్లారకుండానే ఎల్బీనగర్ దాటాం. పంతంగి టోల్ గేటు దగ్గర పండగ రద్దీలో నత్తలా పాకి, చిట్యాల తర్వాత కాస్త కాలు నొక్కగలిగాను. నార్కట్‌పల్లి దాటగానే డ్యాష్‌బోర్డులో టైరు బొమ్మ పసుపు రంగులో వెలిగింది. పక్కకు ఆపి, దిగి, నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూశాను. నాలుగూ గట్టిగానే ఉన్నాయి. 'చలికి గాలి కాస్త తగ్గి ఉంటుందిలే' అనుకుని మెనూలోకి వెళ్లి రీసెట్ కొట్టాను. దీపం ఆరిపోయింది. సూర్యాపేట దాకా నలభై కి.మీ. పైనే, అయిదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో, వందకు తగ్గకుండా తోలాను.

అప్పటికి వెనక ఎడమ టైరులో గాలి లేదు. ఆ సంగతి నాకు చెప్పింది దీపం కాదు, వాసన.

సెకండ్‌హ్యాండ్‌లో జర్మన్ కారు కొనుక్కున్న నాలాంటివాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొన్న నెల దాకా డిక్కీలో స్టెప్నీ లేదన్న సంగతి తెలియనివాళ్లూ ఉన్నారు. ఆ రోజు నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండేందుకు, ఏది ముందు ఏది వెనక అన్న వరసలో చెబుతాను.

ముందుగా, ఈ టైరు సంగతి

మామూలు ట్యూబ్‌లెస్ టైరులో బరువు మోసేది గాలి. గాలి పోతే పక్క గోడ చితికి, రిమ్ము రోడ్డుకు ఆనుతుంది. రన్‌ఫ్లాట్‌లో పక్క గోడ లోపల మందపాటి గట్టి రబ్బరు ఉంటుంది. గాలి మొత్తం పోయినా ఆ గోడే కారును మోస్తుంది. అందుకే కాలితో తంతే ఏమీ తెలియదు. కంటికీ అంతగా ఆనదు. పక్క టైరుతో పోల్చి చూస్తే అడుగున కాస్త ఉబ్బు కనిపిస్తుందేమో, అంతే.

కానీ ఆ మోత ఊరికే కాదు. 225/50 ఆర్17 సైజు టైరు కిలోమీటరుకు దాదాపు 485 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ గోడ ఒకసారి మడతపడి లేస్తుంది. ఒక తీగను అటూ ఇటూ వంచుతుంటే ఎలా వేడెక్కుతుందో ఇదీ అంతే. వేడికి లోపలి రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. రన్‌ఫ్లాట్‌ను చంపేది మేకు కాదు, ఈ వేడి.

కంపెనీలు సాధారణంగా చెప్పే లెక్క: గాలి సున్నా అయ్యాక గంటకు 80 కి.మీ. మించకుండా, 80 కి.మీ. దూరం. ఈ రెండు ఎనభైలనూ చాలామంది 'ప్రయాణం సాగించవచ్చు' అని అర్థం చేసుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ 80 ఇచ్చింది ఊరు చేరడానికి కాదు, ఎక్కడ ఆగాలో తీరిగ్గా ఎంచుకోవడానికి. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో సూర్యాపేట దాదాపు నడిమధ్య. అక్కడి నుంచి ముందుకైనా వెనక్కైనా నూట ముప్పై కి.మీ. ఉంటుంది. 80తో ఎటూ చేరలేరు.

బయల్దేరే ముందు

మీ కారుకున్నవి రన్‌ఫ్లాట్లేనా? టైరు పక్క గోడ మీద ఇంగ్లిష్ అక్షరాలు చూడండి. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్ అని ఉంటుంది. బీఎండబ్ల్యూ కోసం చేసినవాటి మీద ఆర్‌ఎస్‌సీ గుర్తు, మెర్సిడెస్ కోసం చేసినవాటి మీద ఎమ్‌ఓఈ కనిపిస్తాయి. నాలుగు టైర్లూ చూడాలి. పాత యజమాని రెండు మార్చి రెండు ఉంచేసి ఉండవచ్చు. ఈ గుర్తులేవీ లేకుండా, స్టెప్నీ కూడా లేకుండా ఉంటే మీవి బహుశా మామూలు టైర్లే. గాలి పోయాక వాటి మీద వంద గజాలు పోయినా రిమ్ము దెబ్బతింటుంది. 2020లో మన మోటారు వాహనాల నిబంధనలు సవరించాక, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటూ రిపేరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. కాబట్టి మామూలు టైర్లతో స్టెప్నీ లేని కార్లూ ఉన్నాయి.

ఆ పక్క గోడ మీదే డాట్ (DOT) అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు అరగకపోయినా వయసు మీరితే రబ్బరు గిడసబారుతుంది. గోడ బలమే ఆధారమైన టైరుకు అది ఇంకా చేటు.

డిక్కీలో ఉండాల్సినవి: గాలి కొలిచే గేజి, సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్, త్రికోణం బోర్డు, టార్చి. ఇంకొకటి అందరూ మరిచిపోయేది, లాకింగ్ బోల్టు తాళం. అల్లాయ్ చక్రాలు ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక వేరే రకం బోల్టు బిగిస్తారు. దానికి సరిపోయే చిన్న ముక్క మీ దగ్గర లేకపోతే ఎంత పెద్ద పంక్చర్ షాపులోనైనా చక్రం ఊడదు. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే రెండో కీ కంటే ముందు దీన్ని అడగండి.

టైరు సైజు ఉన్న వైపు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో చూసి ఆ నంబరు రాసుకోండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033, ఇది ఎటూ ఉండాలి.

దీపం వెలిగితే

బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, వేగం దానంతట అదే తగ్గనిచ్చి, ఇండికేటరు వేసి ఎడమకు రండి. రన్‌ఫ్లాట్‌లో ఉన్న సుఖమేమిటంటే వంతెన మీదో మలుపులోనో ఉన్నచోటే ఆగిపోవాల్సిన పని లేదు. ఓ నాలుగైదు కి.మీ. మెల్లగా పోయి టోల్ గేటు, పెట్రోలు బంకు, వెలుతురున్న డాబా, ఏది దొరికితే అక్కడ ఆపండి. అయితే కారు ఒక పక్కకు గట్టిగా లాగుతుంటే, వెనక భాగం తోకలా ఊగుతుంటే, దడదడమని శబ్దం వస్తుంటే ఈ వెసులుబాటు లేదు. ఎక్కడుంటే అక్కడే ఎడమ అంచుకు ఆపేయాలి.

హైవే పక్కనే ఆగాల్సి వస్తే అందరినీ ఎడమ తలుపు నుంచే దించండి. పిల్లలనూ పెద్దవాళ్లనూ కారులో కూర్చోబెట్టి, 'ఎండగా ఉంది, మీరు దిగకండి' అనడం మనకు మర్యాద. హైవే మీద మాత్రం అదే ప్రమాదం. వాళ్లను రెయిలింగ్ అవతలికి పంపండి. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు వంద మీటర్లు వెనక్కి నడిచి పెట్టండి. మా నాన్నగారు మోకాళ్ల నొప్పులని దిగనంటే బతిమాలి దించాల్సి వచ్చింది.

రీసెట్ జోలికి మాత్రం పోకండి

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే నా టైరు పోయింది ఇక్కడే.

గాలి తగ్గిందని కారుకు తెలిసే దారులు రెండు. కొన్ని కార్లలో ప్రతి చక్రంలోనూ సెన్సరు ఉంటుంది, ఏ టైరులో ఎంత గాలి ఉందో అంకెల్లో చూపిస్తుంది. పాత మోడళ్లలో చాలావాటికి ఆ సెన్సరు ఉండదు. ఏబీఎస్ కోసం పెట్టిన పరికరాలే చక్రాల వేగాన్ని కొలుస్తుంటాయి. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదవుతుంది, మిగతా మూడింటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడా చూసి కారు దీపం వెలిగిస్తుంది. అంటే దానికి గాలి ఎంతుందో తెలియదు, తేడా మాత్రమే తెలుసు.

అలాంటి కారులో రీసెట్ కొడితే 'ఇప్పుడున్నదే సరైన స్థితి, దీన్నే గుర్తుపెట్టుకో' అని చెప్పినట్టు. సగం గాలి పోయిన టైరును మంచి టైరుగా అది నేర్చేసుకుంటుంది. ఇక కొత్తగా తేడా కనబడేదాకా నోరు మెదపదు. చలికి గాలి తగ్గే మాట నిజమే. పది డిగ్రీలు తగ్గితే ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ పడుతుంది. కానీ ఆ తగ్గుదల నాలుగు చక్రాల్లోనూ సమానంగా ఉంటుంది. ఒక్కదాంట్లోనే తగ్గితే అది చలి కాదు, చిల్లు.

కాబట్టి గేజి పెట్టి కొలవండి. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. మనుషులు, సామాను నిండుగా ఉన్నప్పటి అంకె వేరుగా ఉంటుంది, అదే చూసుకోవాలి. గేజి లేకపోతే అరచేతి వెనక వైపు ఒక్కో టైరు పక్క గోడకు దగ్గరగా పెట్టి చూడండి. గాలి లేనిది మిగతావాటికంటే వేడిగా సెగ కొడుతుంది.

కొలిచాక తేలేవి మూడు. 32 ఉండాల్సినచోట 26, 27 ఉంటే సన్నని కారుడు. కంప్రెసర్‌తో నింపి, పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. నిలిస్తే మెల్లగా వెళ్లి, ప్రతి ముప్పై కి.మీ.కూ ఒకసారి ఆపి కొలుచుకుంటూ టైర్ల షాపుకు చేరవచ్చు. గాలి సున్నాకు దగ్గరై, పక్క గోడ మాత్రం బాగుంటే మీ దగ్గర ఆ 80 కి.మీ. ఉందన్నమాట, దాని లెక్క కింద చెబుతాను. మూడోది: గోడ మీద కోత, కోడిగుడ్డంత ఉబ్బు, రిమ్ముకు పగులు, టైరు రిమ్ము నుంచి జారడం. వీటిలో ఏది కనిపించినా కారు ఇంచు కూడా కదలకూడదు. గోడే పోయాక అది రన్‌ఫ్లాట్ కాదు. గుంతల రోడ్ల మీద ఇవి ఎక్కువ, ఎందుకంటే గట్టి గోడ దెబ్బను మింగకుండా రిమ్ముకే అందిస్తుంది.

80లో మీ వాటా ఎంత

ట్రిప్ మీటరు సున్నా చేయండి. తర్వాత తీసివేతలు మొదలుపెట్టండి.

దీపం వెలిగాక ఎంత దూరం వచ్చారు? అది తీసేయాలి. దీపం ఎప్పుడు వెలిగిందో ఎవరూ గమనించకపోతే సగం పోయిందనుకోండి. కారులో ఎంత బరువుంది? బీఎండబ్ల్యూ పాత మాన్యువళ్లలో దీనికి వేర్వేరు అంకెలు ఇచ్చారు: ఒకరిద్దరు మనుషులు, సామాను లేకపోతే సుమారు 250 కి.మీ., నిండు బరువుతో అయితే 50. బరువు వల్ల ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అత్తవారింటికి పిండివంటల డబ్బాలతో, బియ్యం బస్తాతో వెళ్లే కారు ఎటూ రెండో రకమే. మే నెల మధ్యాహ్నం రోడ్డు సెగ కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. నా లెక్క అయితే, కుటుంబంతో ఉన్నప్పుడు 40 కి.మీ.కు మించి నమ్మవద్దు, గంటకు 50, 60 దాటవద్దు.

అందుకే, వీలైతే బరువు దించేయండి. పెద్దవాళ్లనూ పిల్లలనూ సామానునూ వేరే బండి ఎక్కించి, ఒక్కరే కారును షాపుదాకా నడపండి. హైదరాబాద్–విజయవాడ దారిలో మామూలు రోజుల్లో ఆర్టీసీ బస్సుకు కొదవ లేదు. పండగ ముందురోజు మాత్రం నిలబడ్డానికీ చోటుండదు. మా బావమరిది విజయవాడ నుంచి తన కారేసుకుని వచ్చి అందరినీ తీసుకెళ్లాడు. ఆ మూడు గంటలూ డాబాలో టీలతో గడిచాయి.

నడిపేటప్పుడు గుంతలు తప్పించండి. మలుపుల్లో స్టీరింగు ఒక్కసారిగా తిప్పకండి. క్రూయిజ్ కంట్రోలు వద్దు. జారకుండా కాపాడే వ్యవస్థను ఆపే బటన్ ఉంటే దాని జోలికి పోవద్దు. ఏసీ ఆపి కిటికీ ఓ వేలెడు దించుకోండి. వాసన, శబ్దం ముందు తెలిసేది అలాగే. నడుస్తుండగా కాలిన రబ్బరు వాసన వస్తే లెక్కలన్నీ పక్కన పెట్టి ఆపేయండి.

బండి ఎక్కించాల్సి వస్తే

1033కి ఫోను చేస్తే హైవే గస్తీ వాళ్లు వస్తారు. వచ్చేది ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే క్రేను అయితే, పని పక్కకు జరపడం వరకే పెట్టుకోండి. ఆటోమేటిక్ గేరు కారును, నాలుగు చక్రాలకూ శక్తి అందే కారును, ఇంజను తిప్పే చక్రాలు రోడ్డు మీద దొర్లించుకుంటూ దూరం లాగితే గేరుబాక్సు ఖర్చు ముందు టైరు ఖర్చు దిగదుడుపే. అసిస్టెన్స్ వాళ్లతో మాట్లాడేటప్పుడు 'ఫ్లాట్‌బెడ్' అన్న మాట రెండుసార్లు చెప్పండి. కారు మొత్తం పైకెక్కే బండి అన్నమాట. ఏ షాపుకు చేర్చాలో కూడా మీరే చెప్పండి, లేకపోతే వాళ్లకు దగ్గరగా ఉన్నచోట దించేస్తారు.

పంక్చర్ షాపులో

సూర్యాపేటలో నేను ఆపిన షాపు అబ్బాయి చక్రం మీద సబ్బు నీళ్లు పోశాడు. నడుమ గీతలో బుడగలు లేచాయి, చిన్న మేకు. చిల్లులో రబ్బరు స్ట్రిప్ పెట్టేస్తాడనుకున్నాను. అతను పక్క గోడను బొటనవేలితో నొక్కి చూసి తల ఊపాడు.

"అన్నా, ఇది రన్‌ఫ్లాట్ గదా. మా పానాలతోని ఊడదు. జబర్దస్తీగ తీస్తే రిమ్ము పోతది, మళ్ల నన్నే అంటవ్."

ఆ రోజు నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే. ఈ టైరు ఊడదీయాలంటే పక్కన సాయపు చేయి ఉన్న మిషను కావాలి. ఇనుప కడ్డీలతో పొడిచి తీస్తే టైరు అంచు చిరుగుతుంది, సెన్సరు ఉంటే విరుగుతుంది. జాకీ కూడా చూసి పెట్టించండి. ఇలాంటి కార్లలో సాధారణంగా జాకీ ఉండదు కాబట్టి వాళ్లదే వాడాలి. మాన్యువల్‌లో చూపించిన చోట కాకుండా ఎక్కడంటే అక్కడ ఎత్తితే కింది అంచు సొట్టపడుతుంది.

బయటి నుంచి స్ట్రిప్ వేసి గాలి నింపితే గాలి నిలుస్తుంది. అందుకే మోసపోతాం. లోపలి గోడ మాడిపోయిందో లేదో స్ట్రిప్ చెప్పదు. దగ్గర్లో గతిలేకపోతే స్ట్రిప్ వేయించుకుని, అదే 50 వేగంతో పెద్ద షాపుదాకా వెళ్లండి. అంతకుమించి దాన్ని నమ్మకండి.

పెద్ద షాపులో టైరు ఊడదీశాక మీరు దగ్గరుండి లోపల చూడండి. నా టైరు విప్పి వంచితే గుప్పెడు నల్లటి పొడి, మిరియాల పొడిలా, కింద రాలింది. లోపలి గోడ చుట్టూ వేలు పట్టేంత ముడత. బయట చూస్తే ఇంకా ఇరవై వేల కి.మీ. తిరిగే టైరులాగే ఉంది. పొడి, ముడత, నీలిరంగు మచ్చ, వీటిలో ఏదున్నా రిపేరు మాటే ఎత్తవద్దు. ఇవేవీ లేకుండా, చిల్లు రోడ్డుకు ఆనే నడుమ భాగంలో 6 మిల్లీమీటర్ల లోపే ఉండి, గాలి లేకుండా అసలు నడపలేదని మీకు గట్టిగా తెలిస్తే లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు రబ్బరు బిరడా) వేయించవచ్చు. అయినా కొన్ని కంపెనీలు రన్‌ఫ్లాట్‌కు ఏ రిపేరూ వద్దనే అంటాయి. మాన్యువల్ చూసుకోండి.

కొత్తది కొనేటప్పుడు

సైజు ఒక్కటి కలిస్తే చాలదు. సైజు పక్కనుండే లోడ్ అంకె, వేగం అక్షరం పాతదానికి తగ్గకూడదు. ఒకే ఇరుసు మీద ఒకటి రన్‌ఫ్లాట్, ఒకటి మామూలుది పెట్టవద్దు. రెండింటి గోడలు వంగే తీరు వేరు, వానలో బ్రేకు వేస్తే తెలుస్తుంది. చిన్న ఊళ్లో మామూలుదే దొరికితే దాంతో నెమ్మదిగా ఇల్లు చేరి, మర్నాడే సరిచేయించండి. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారుకు అరిగిన మూడింటి పక్కన సరికొత్తది ఒకటి పెట్టించడం కూడా మంచిది కాదు.

అసలు రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలువి వేయించుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఊళ్లోనే తిరిగేవాళ్లకు నేను వద్దంటాను. నెలకోసారి పల్లెకు, గుంతల దారిన పోయేవాళ్లయితే మామూలు ట్యూబ్‌లెస్‌లు వేయించి, డిక్కీలో సన్నటి స్టెప్నీ, జాకీ, పానా కట్టి పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది. కారు మెత్తగానూ నడుస్తుంది. డిక్కీలో ఒక పెట్టె చోటు పోతుంది, అంతే. అన్నట్టు ఈ స్టెప్నీ అన్న మాట మనకు వేల్స్ నుంచి వచ్చింది. లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో 1904లో డేవిస్ సోదరులు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు మన పంక్చర్ షాపుల్లో రోజూ వినిపిస్తుంది.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పోతే ఏమీ రాదు. అదే దెబ్బలో కారు కూడా దెబ్బతింటే టైరు ఖరీదులో సగం వరకు ఇస్తారు. టైరు కోసం విడిగా యాడ్-ఆన్ తీసుకుని ఉంటే సంగతి వేరు. క్లెయిము చేసేటట్టయితే కారు ఉన్నచోటే, కదపకముందే ఫొటోలు తీయాలి.

కొత్త టైరు బిగించాక బ్యాలెన్సింగ్ చేయించండి. బోల్టులు టార్క్ రెంచితో (బిగుతు కొలిచే పానాతో) బిగించమనండి, ఓ 50 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. లాకింగ్ బోల్టు తాళం వాళ్ల బల్ల మీదే ఉండిపోతుంది, అడిగి తీసుకుని గ్లోవ్ బాక్సులో పెట్టండి. నాలుగు టైర్లకూ చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరు మీద ఉన్నంత గాలి కొట్టించి, గేజితో మీరు కూడా కొలిచి, అప్పుడు మెనూలోకి వెళ్లి రీసెట్ కొట్టండి. కారు కొత్త లెక్క నేర్చుకోవడానికి కొన్ని నిమిషాలు నడపాలి. ఆ కాసేపూ డ్యాష్‌బోర్డు వైపు ఓ కన్నేసి ఉంచండి.